మూత వేసి తీసిన ఫొటోలు

“మూత వేసి ఫొటో ఎందుకు తీస్తావని ఈ వీధిలో అడగనివాళ్ళు లేరు తల్లీ. అందరూ నవ్వుతూ అడిగారు. నువ్వొక్కదానివే నవ్వకుండా అడిగావు, అందుకని చెప్తున్నా. ఆ స్టూలు ఇటు లాక్కో. దానికి ఒక కాలు పొట్టి, గోడకి ఆనించి కూర్చో.”

మాట్లాడుతున్నాడే గానీ కుట్టుమిషన్ల మెకానిక్కు చేతులు ఆగలేదు. బల్ల మీద పక్కకి పడుకోబెట్టిన మిషను పొట్టలోంచి పట్టకారుతో నూగు లాగుతున్నాడు. నీలం దారప్పోగులు, మసిపట్టిన దూది, ఎప్పుడో విరిగి లోపలే ఉండిపోయిన సూదిమొన. తీసినవన్నీ ఒక సీసా మూతలో వరసగా పెడుతున్నాడు, రేపెవరైనా లెక్క అడుగుతారేమో అన్నట్టు.

“ముందు నా మిషను సంగతి చెప్పండి బాబాయ్. బతుకుతుందా?”

“నిక్షేపంగా బతుకుతుంది. నాలుగు కుట్లు వేసి ఐదోది ఎగ్గొడుతోందంటే దాని తప్పేం లేదు. కడుపు నిండా నూగు కుక్కి పరిగెత్తమంటే ఎవరు పరిగెడతారు? శుభ్రం చేసి, నూనె వేసి, కింది దారం పట్టే షటిల్ సరిచేస్తా. గంట పడుతుంది. ఇంటికెళ్ళి రా, లేకపోతే కూర్చో.”

కుట్టుపనమ్మాయి కూర్చుంది. రేపు ఇవ్వాల్సిన బట్టలు ఇంట్లో గుట్టగా ఉన్నా, మిషను లేకుండా ఇంటికెళ్ళి చేసేదేమీ లేదు. పైగా రెండు నెలలుగా ఆమెకి ఈ మనిషి మీద పట్టలేనంత కుతూహలంగా ఉంది.

ఆమె తల్లితో ఈ వీధిలోకి వచ్చిన మొదటివారమే మెకానిక్కు తలుపు తట్టాడు. గంజి పెట్టని తెల్లగుడ్డ, గీతగానీ పువ్వుగానీ లేనిది, జానెడున్నర ముక్క కావాలన్నాడు. దేనికని అడిగితే “టెలిస్కోపు మూతికి కట్టడానికి” అన్నాడు. టెలిస్కోపుతో చూసేవాళ్ళు దాని మూతికి గుడ్డ కట్టడమేంటో ఆమెకి అర్థం కాలేదు. తర్వాత ఎవరో అతన్ని ‘మూతాయన’ అనడం విని, ఈ కొట్టు పెట్టకముందు గిన్నెల మూతలు అమ్మేవాడేమో అనుకుంది.

ఆమె అద్దెకున్నది మెకానిక్కు అన్నగారి ఇంట్లోనే. కింది వాటా ఆమెది, పై వాటాలో పెద్దాయన ఒక్కడే ఉంటాడు. సరిగ్గా ఎదురుగా తమ్ముడి ఇల్లు. మధ్యలో వీధి. రెండిళ్ళవాళ్ళూ చేతులు చాపితే గిన్నె మార్చుకోవచ్చు, అంత ఇరుకు. అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవని తెలుసుకోవడానికి మాత్రం ఆమెకి నెల పట్టింది. ఎందుకంటే ఇద్దరూ ఒకరి గురించి ఒకరు ఏమీ అనరు.

“నువ్వు ఒకే కొలతతో పది చొక్కాలు కత్తిరించాలనుకో. ఏం చేస్తావు?” అన్నాడు మెకానిక్కు.

“గుడ్డ పొరలు పొరలుగా పరుస్తా. అంచులు కలిపి, గుండుసూదులు గుచ్చి, అన్నీ ఒకేసారి కత్తిరిస్తా.”

“అంతే! నా పనీ అదే. అదిగో, ఆ గోడ మీద చూడు.”

గోడ మీద, బెల్టులు వేలాడే మేకుల పక్కన, అరచేతులు రెండు కలిపినంత ఫొటో ఒకటి ఉంది. నల్లటి నేల మీద నక్షత్రాలు ఆవాలు చల్లినట్టున్నాయి. నడుమ ఎర్రటి పొగ గుండ్రంగా చుట్టుకుని, మధ్యలో బోలుగా, విచ్చుకోబోయే గులాబీలా ఉంది. అంచులు మాత్రం ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా కలిసిపోయాయి.

“నెబ్యులా అంటారు. నక్షత్రాలు పుట్టే మేఘం. అక్కణ్ణుంచి మన దాకా వెలుగు రావడానికి ఐదువేల ఏళ్ళ పైమాటే. ఇంత దూరం వచ్చేసరికి ఏం మిగులుతుంది చెప్పు? మూడు నిమిషాలు కెమెరా కన్ను తెరిచి ఉంచితే ఒక పలచని పొర పడుతుంది. ఉందా లేదా అన్నట్టుంటుంది. అలాంటి పొరలు వందలు తీసి, నక్షత్రాలే గుండుసూదులనుకుని ఒకదాని మీద ఒకటి కలిపితే, అప్పుడు పువ్వు తేలుతుంది.”

“మరి మూత?”

“వస్తున్నా. కెమెరా అంతసేపు కన్ను తెరిస్తే వేడెక్కుతుంది. వేడెక్కితే అబద్ధాలు చెప్తుంది. లేనిచోట ఎర్రచుక్క, పచ్చచుక్క పెట్టేస్తుంది. అవి ఎక్కడెక్కడ పెడుతుందో ముందు తెలియాలి. అందుకని మూత వేసి, బయటి వెలుగు ఒక్క పిసరు కూడా పోకుండా చేసి, అంతే సేపు ఫొటోలు తీస్తాం. అందులో ఏ చుక్క పడినా అది కెమెరా సొంత కవిత్వమేగా! ఆ చుక్కల్ని అసలు ఫొటోల్లోంచి తీసెయ్యమని కంప్యూటరుకి చెప్తాం. నువ్విచ్చిన తెల్లగుడ్డ ఇంకో రకం. పొద్దుటి వెలుగులో దాన్ని మూతికి కట్టి తీస్తే, అద్దం మీద దుమ్ము ఎక్కడుందో బయటపడుతుంది.”

“అంటే మీరు ఆకాశాన్ని తీసేది సగం, మీ కెమెరాని అనుమానించేది సగం.”

మెకానిక్కు పట్టకారు ఆపి ఆమె వైపు చూశాడు. “నాకు పద్దెనిమిదేళ్ళు పట్టిన ముక్క, స్టూలు మీద కూర్చుని చెప్పేశావు కదమ్మా!”

ఆ పద్దెనిమిదేళ్ళ కథ ఒక బడి బంట్రోతుతో మొదలైంది. అప్పట్లో ఈ కొట్టులో అన్నదమ్ములిద్దరూ పనిచేసేవాళ్ళు. తండ్రి నేర్పిన పని. పెద్దవాడిది చెవి, చిన్నవాడిది చెయ్యి అనేవారు వీధివాళ్ళు. మిషను వీధిలో దింపుతుండగానే, గుమ్మంలోంచి దాని చక్రం చప్పుడు విని జబ్బేమిటో పెద్దవాడు చెప్పేసేవాడు. విప్పి బాగుచేసేది చిన్నవాడు. ఒకరోజు బడి బంట్రోతు పొడుగాటి చెక్కపెట్టె మోసుకొచ్చాడు. లోపల టెలిస్కోపు. ముందుకీ వెనక్కీ జరిపే మర తిరగడం లేదు. “ఇదీ మిషనేగా, మీరే చూడండి” అన్నాడు.

లోపల పళ్ళచక్రం ఒకటి అరిగింది, అంతే. పాత మిషనులోంచి అలాంటి చక్రమే తీసి, ఆకురాయితో రాకి, మధ్యాహ్నానికల్లా చిన్నవాడు దాన్ని బాగుచేశాడు. బాగైందో లేదో చూడాలి కదా అని సాయంత్రం డాబా మీదికి పట్టుకెళ్ళి చందమామ వైపు తిప్పాడు. గుంటలు, గుంటల అంచుల నీడలు, ఆ నీడల్లో మళ్ళీ చిన్న గుంటలు. చూసి చూసి మెడ పట్టేసింది. కిందికి దిగి, నిద్రపోతున్న అన్నని లేపి పైకి లాక్కెళ్ళాడు. అన్న ఒక కన్ను మూసి చాలాసేపు చూసి, “ఇది రేపు ఇచ్చెయ్యాలా?” అన్నాడు.

ఇవ్వలేదు. మూడోరోజు బంట్రోతు వచ్చాడు. తమ్ముడు నేల చూపులు చూస్తుంటే, అన్న తొణక్కుండా బెణక్కుండా “ఇంకా విడిభాగం రాలేదయ్యా” అన్నాడు. ఆరోరోజూ అదే మాట. టెలిస్కోపు బడికి చేరింది తొమ్మిది రోజుల తర్వాత. ఆ కొట్టు చరిత్రలో గిరాకీతో ఆడిన అబద్ధం అదొక్కటే, ఆడింది పెద్దవాడు.

తర్వాత తమ్ముడు తనకు తానే నేర్చుకున్నాడు. గ్రంథాలయంలో ఉన్న నాలుగు పుస్తకాలూ అట్టలు ఊడేదాకా చదివాడు. రెండు చెక్కలు, ఒక మడతబందు, మధ్యలో మర, మరకి మిషను మోటారు పెట్టి, నక్షత్రాలతో పాటు నెమ్మదిగా తిరిగే పీట చేశాడు. అది ఒకే ఒక్క నిమిషం సరిగ్గా తిరిగి, తర్వాత తన దారిన తాను పోయేది. ఏళ్ళ తరబడి కూడబెట్టుకుని, ఒకరు వాడి వదిలేసిన చిన్న టెలిస్కోపు, దాన్ని తిప్పే యంత్రం, పాత కెమెరా ఒక్కొక్కటే సంపాదించాడు. యంత్రానికి రెండోవైపు బరువు కావాల్సి వస్తే, అన్న అటక మీద వెతికి తండ్రికాలం నాటి మిషను ఇనపచక్రం తెచ్చి ఇచ్చాడు. ఇప్పటికీ టెలిస్కోపుకి తూకం ఆ చక్రమే.

“ఇంత బాగా ఉండేవాళ్ళు, మరి మాటలెందుకు లేవు బాబాయ్?”

అడిగాక కుట్టుపనమ్మాయి నాలుక కరుచుకుంది. మెకానిక్కు మాత్రం కోపం తెచ్చుకోలేదు. నూనె డబ్బా ముక్కుని ఒక్కొక్క కీలు దగ్గరా ఆనిస్తూ, చుక్క చుక్కకీ మధ్య ఒక్కో మాట చెప్పాడు.

నాలుగేళ్ళ కిందటి మాట. అన్న కూతురికి సంబంధం కుదిరి, అబ్బాయి తరపువాళ్ళు పదిమంది భోజనానికి వచ్చారు. అన్న సంబరం ఇంతా అంతా కాదు. “మా తమ్ముడు మామూలోడు కాదండీ, ఆకాశాన్ని కిందికి దింపుతాడు. ఏరా, నీ కంప్యూటరు పట్రా” అన్నాడు. తమ్ముడు పరుగున వెళ్ళి తెచ్చాడు. అందరూ చుట్టూ మూగారు. ఆ కంగారులో ఒకదానికి బదులు ఇంకో ఫోల్డరు తెరిచాడు. మూత వేసి తీసినవి. మొదటి ఫొటో నల్లగా ఉంది. రెండోది నల్లగా ఉంది. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటూ నొక్కుతూనే ఉన్నాడు. నలభై నల్లఫొటోలు. కాబోయే వియ్యంకుడు “ఇవేంటండీ?” అని మర్యాదగా అడిగాడు. అబద్ధం చేతకాక తమ్ముడు, “ఇవి మూత వేసి తీసినవండీ” అన్నాడు.

“అప్పుడు మా అన్న అన్నాడు కదా, ‘కెమెరా అమ్మినవాడు మూత తియ్యాలని చెప్పలేదట్రా?’ అని. ఇల్లు ఇల్లంతా నవ్వింది. ఒకావిడకైతే పొలమారింది, నీళ్ళిచ్చారు. నేను కంప్యూటరు మూసి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశా. భోజనం కూడా చెయ్యలేదు.”

“వేళాకోళమేగా బాబాయ్?”

“వేళాకోళమే. నాకూ తెలుసు. కానీ మర్నాడు వస్తాడనుకున్నా. రాలేదు. ఆయనేమో, పదిమందిలో విస్తరి ముందు నుంచి లేచిపోయి పరువు తీశాను, నేనే రావాలనుకున్నాట్ట. వదిన ఉండుంటే ఆ పూటే ఇద్దరికీ తలంటేది. ఆవిడ అప్పటికే పోయింది. అంతే, నాలుగేళ్ళు. ఆయనకి చూపు తగ్గి కొట్టుకి రావడం కూడా మానేశాడు.”

అంతలో అతని ఇంటావిడ వచ్చింది. క్లినిక్కులో చీట్లు రాసే ఉద్యోగం ఆవిడది. దారిలో కొట్టు దగ్గర ఆగి టీ ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది.

“నూగు కబుర్లా, చుక్కల కబుర్లా?” అంది కుట్టుపనమ్మాయితో. “జాగ్రత్తమ్మా, మొదలుపెడితే ఆపడు. పెళ్ళై ముప్పై ఏళ్ళైంది, తల తెగకుండా నా ఫొటో ఒక్కటి తీసిన పాపాన పోలేదు. ఐదువేల ఏళ్ళ దూరంలో ఉన్నదాన్నైతే ముప్పై గంటలు తీస్తాడట.”

“నువ్వు కదలకుండా మూడు నిమిషాలు ఉండు, నీకూ తీస్తా.”

“నేను మూడు నిమిషాలు కదలకపోతే నీకు అన్నం ఎవరు పెడతారు?” అని, ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మెకానిక్కు రెండు గ్లాసుల్లో టీ పోసి, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. నూనె కీళ్ళలోకి దిగడానికి పావుగంట వదిలెయ్యాలి. రోజూ ఈ వేళకి అతను చేసే పని ఇంకొకటుంది. బల్ల సొరుగులోంచి కంప్యూటరు తీసి, రాత్రి తీసిన ఫొటోలు ఒక్కొక్కటే చూడటం. బాగున్నది ఉంచడం, పాడైనది పక్కన పెట్టడం. కుట్టు సరిచూసినట్టే చూస్తాడు, ముక్కు తెరకి ఆనించి.

“ఈ ముప్పై గంటల గొడవేంటి బాబాయ్?”

“గోడ మీదున్నది పదిగంటల బొమ్మ. అందుకే అంచులు వెలిసిపోయాయి. ముప్పై గంటలైతే రేకులన్నీ విడివిడిగా తేలతాయి. ఇప్పటికి పధ్నాలుగు చేతికొచ్చాయి. చందమామ లేని రాత్రుళ్ళు ఇంకా నాలుగు. వచ్చే అమావాస్య నాటికి ఈ పువ్వు పడమటికి వాలిపోతుంది.”

“వచ్చే ఏడాది మళ్ళీ రాదా?”

“అది వస్తుంది. నా డాబాకి ఆకాశం ఉండదు. పడమట ఖాళీ స్థలంలో స్తంభాలు లేచాయి, చూళ్ళేదా? మూడంతస్తులట. దక్షిణాన ఎలాగూ అన్న మేడ. మధ్యలో నాకు మిగిలేది నీ కత్తెర నోరంత చీలిక. అందుకే ఈ నాలుగు రాత్రుళ్ళూ నిండుగా కావాలి. సగం సగం రాత్రుళ్ళైతే చాలవు. ఇదిగో, సగం సగం అంటే ఇదీ.”

తెర ఆమె వైపు తిప్పాడు. చిన్న చిన్న చదరాల్లో రాత్రి తీసిన ఫొటోలు వరసగా ఉన్నాయి, కింద టైముతో సహా. పై వరసలన్నీ నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఒకచోట నుంచి ప్రతి ఫొటోలోనూ ఎడమ మూల తెల్లటి మరక, పాలు ఒలికినట్టు, ఏటవాలుగా.

“పదీ నలభై ఐదు నుంచి చివరిదాకా పాడు. మొన్నటిది పదకొండూ ఐదు నుంచి. అటు మొన్న పదిన్నర. మా అన్న మెట్ల మీది దీపం అది. సూటిగా టెలిస్కోపు మూతిలోకి కొడుతుంది. నల్లట్ట గొట్టం చేసి పెట్టా, ఆగలేదు. ఇదిగో నా పుస్తకం. ‘దిగాను, పదీ నలభై రెండు.’ పొద్దున కొట్టు తియ్యాలి కదా, నేను అప్పుడు పడుకుంటా. కెమెరా దాని మానాన అది ఒంటిగంటన్నర దాకా తీస్తూనే ఉంటుంది. నేను దిగి తలుపేసుకున్నానో లేదో, మూడు నిమిషాల్లో టక్కున దీపం! ఎంత కక్షో చూడు. నేనున్నంతసేపూ వెయ్యడు, గొడవకొస్తానని. దిగాక వేస్తాడు.”

కుట్టుపనమ్మాయి టీ గ్లాసు పట్టుకుని ఆ చదరాల్నే చూస్తోంది. ఏదో అంచు కలవనట్టు కనుబొమలు ముడిపడ్డాయి.

“వేస్తున్నారు సరే బాబాయ్. ముందు ఆపుతున్నదెవరు?”

“ఆపడమేంటి?”

“ఆ దీపం చీకటి పడగానే వేస్తారు. ఆరున్నరకల్లా వెలుగుతుంది. మా అమ్మ ఆ వెలుగులోనే పెరట్లో గిన్నెలు కడుక్కుంటుంది.”

“నువ్వు సరిగ్గా చూసుండవు.”

“ఆ ఇంట్లో ఉండేది నేను, చూడనిది మీరు.”

ఆ మాట నిజం. డాబాకి దక్షిణం వైపు పిట్టగోడ పొడుగునా మెకానిక్కు నల్లతెర కట్టాడు. వెలుగు ఆపడానికని పైకి చెప్తాడు గానీ, ఆ తెర టెలిస్కోపు ఎత్తుకి చాలదు. కుర్చీలో కూర్చున్న మనిషికి ఎదురిల్లు కనపడకుండా ఉండటానికి మాత్రం చాలుతుంది. నాలుగేళ్ళుగా అతను ఆ వైపు తల తిప్పలేదు.

“మీరు మొదలుపెట్టేది ఎన్నింటికి?”

“ఎనిమిదింటికి. అంతకుముందు ఓ పావుగంట ఫోకసు కోసం ఉత్తుత్తి ఫొటోలు తీస్తా. అవి చెత్త. చూడను కూడా చూడను, ఓ పక్కన పడుంటాయి.”

“ఆ చెత్త ఒకసారి తియ్యండి.”

తీశాడు. రాత్రి ఏడూ నలభై, మూల తెల్లమరక. ఏడూ యాభై, మరక. ఏడూ యాభై ఎనిమిది, మరక. ఆ తర్వాతది, అసలు ఫొటోల్లో మొదటిది, ఎనిమిదీ రెండు. శుభ్రం. మెకానిక్కు మొన్నటి చెత్త తెరిచాడు. ఎనిమిది దాకా మరక, తర్వాత శుభ్రం. అటు మొన్నటిదీ అంతే. పోయిన నెలవి తెరిచాడు. ఒక్క రాత్రి తప్పలేదు.

“ఎనిమిదింటికి మీరు కొత్తగా ఏం చేస్తారు?”

“ఏముంది, మా డాబా మెట్లదగ్గర బల్బు ఆర్పేసి తలకి ఎర్రలైటు కట్టుకుంటా. ఎర్రవెలుగైతే కళ్ళు చెదరవు, నేల వైపు మసగ్గా పడుతుంది కాబట్టి ఫొటోలకీ దెబ్బ తగలదు. దిగేటప్పుడు అదీ ఆర్పేస్తా.”

కుట్టుపనమ్మాయి గ్లాసు కింద పెట్టింది.

“పెద్దాయన నన్ను రెండుసార్లు అడిగారు బాబాయ్. చీకట్లో కిటికీ దగ్గర కూర్చుని, నేను మెట్ల కింద బట్టలు తీస్తుంటే పిలిచి, ‘అమ్మాయ్, ఎదురు డాబా మీద ఎర్రదీపం ఉందా, ఆరిందా? నాకు మసగ్గా ఉంది, చూసి చెప్పు’ అని. ఉందండీ అన్నా. సరే అని అలాగే కూర్చున్నారు. నిద్ర పట్టక కాలక్షేపానికి అడుగుతున్నారనుకున్నా.”

మెకానిక్కు తెర మీద ఎనిమిదీ రెండు ఫొటో మళ్ళీ తెరిచాడు.

“పోయినవారం మెట్ల మీద తూలి మోకాటి కింద దెబ్బ తగిలించుకున్నారు కూడా. పై వాటాకి బాత్‌రూమ్ కింద పెరట్లో కదా. మా అమ్మ పసుపు పెట్టి కట్టుకట్టింది. ‘అంత దీపం పెట్టుకుని చీకట్లో ఎందుకు దిగారండీ?’ అంటే, ‘దానికి మాత్రం విశ్రాంతి అక్కర్లేదా’ అన్నారు. మీరు దిగాక కూడా కెమెరా పనిచేస్తుందని ఆయనకి ఎవరు చెప్తారు బాబాయ్? మనిషి పైన ఉంటేనే ఫొటో అనుకుంటారు ఎవరైనా. మీరు దిగగానే, హమ్మయ్య, మావాడి పనైపోయింది అని దీపం వేసుకుని...”



మెకానిక్కు కంప్యూటరు మూసేశాడు. మిషను నిలబెట్టి, షటిల్ బిగించి, చేత్తో చక్రం తిప్పాడు. సూది దిగి లేచింది. చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మళ్ళీ తిప్పాడు. సరిగ్గా ఉన్నట్టే ఉంది గానీ అతనికి నమ్మకం కుదరలేదు. “ఈ చప్పుడు వినాల్సినవాడు వేరే ఉన్నాడు” అని గొణిగి, గుడ్డముక్క పెట్టి తొక్కాడు. జానెడు పొడుగున కుట్టు పడింది. ఒక్కటి దాటలేదు. గుడ్డని వెలుగుకి పట్టుకుని చూస్తూ అన్నాడు.

“రెండు శీతాకాలాలు తల్లీ. ఆ దీపం పెట్టి రెండేళ్ళు. నేను ఆ మరకని చూసి తిట్టని రోజు లేదు. ఒక రాత్రైతే రాయి వేసి పగలగొడదామా అని పిట్టగోడ దాకా వెళ్ళా. వెళ్ళి, తెర తీస్తే ఆయన కనపడతాడని వెనక్కొచ్చా.” గుడ్డముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఫొటోలు చూడ్డం వచ్చని విర్రవీగుతాను. చెత్తలో పడేసినవి మాత్రం చూడను.”

“మరి ఇప్పుడు చెప్పెయ్యండి బాబాయ్. ఒంటిగంటన్నర దాకా ఆపమని. నాలుగు రాత్రుళ్ళేగా. నేను చెప్పనా?”

“చెప్పు. ఒంటిగంటన్నర దాకా కెమెరా చూస్తూనే ఉంటుందని...” అని, చటుక్కున చెయ్యి అడ్డంపెట్టాడు. “వద్దు, వద్దు. అస్సలు చెప్పకు. చెప్తే ఒంటిగంటన్నర దాకా ఆ కిటికీ దగ్గరే కూర్చుంటాడు. మొండిఘటం. మళ్ళీ చీకట్లో మెట్లు దిగుతాడు.”

“మరెలా?”

మెకానిక్కు లేచి, కొట్టు మూలనున్న సంచిలో చెయ్యి పెట్టి వెతికాడు. వెడల్పాటి సాగే పట్టీ, దానికి అగ్గిపెట్టంత దీపం. నొక్కి చూశాడు. పగటి వెలుగులో ఆ ఎరుపు కనపడీ కనపడనట్టుంది. పట్టీ ఒకచోట వదులైంది. అది చూసి కుట్టుపనమ్మాయి చెయ్యి చాపింది. అప్పుడే బాగైన తన మిషను మీద పట్టీ మడిచి రెండు వరసల కుట్టు వేసింది.

“తల ఎంతుంటుందో?” అంది.

“నా తలంతే. ఒక్క నాన్న పోలికేగా ఇద్దరిదీ.”

దారం తెంపి ఇచ్చింది. అతను తీసుకోలేదు. ఆమె చేతినే వెనక్కి నెట్టాడు.

“నీ దగ్గరే ఉంచు. మిషను నేను బండి మీద తర్వాత దింపుతాలే, నువ్వు ముందు ఇది పట్టుకెళ్ళు. పెద్దాయన చేతికే ఇవ్వు, మెట్ల మీద పెట్టి రాకు. తలకి కట్టుకుని మెట్లు దిగమను, నేల చూసి దిగమను. దీంతో అయితే ఎంతసేపు తిరిగినా నా పనికి అడ్డం రాదని చెప్పు. ఆ తెల్లదీపం ఇంక రాత్రంతా పడుకోవచ్చు, దానికీ విశ్రాంతి కావాలన్నాడుగా.”

“మరి మీకు డాబా మీద?”

“నాకు సైకిలుకి వెనకాల ఎర్రలైటుంది, విప్పుకుంటా.”

ఆమె గుమ్మం దిగింది. నాలుగడుగులు వేసిందో లేదో, వెనక నుంచి “అమ్మాయ్” అని పిలిచాడు. తిరిగి చూస్తే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, నూనె గుడ్డ రెండు చేతుల్లోనూ నలుపుకుంటూ.

“రాత్రి ఎనిమిదింటికి వీలైతే మా డాబా మీదికి రమ్మను. కాలు నొప్పిగా ఉంటే నేనే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా. ఎందుకంటాడు. అంటే చెప్పు, ఈసారి మూత తీసే ఉంచుతానని.”